ఐదు గంటల పరుగు, 1.2 కిలోల అదనపు బరువు: చెమట లెక్క తప్పిన ఒక కేసు

మారథాన్ ముగించినవాళ్లు మొదలుపెట్టినప్పటి కంటే బరువు తగ్గి ఉండాలి. ఈ కేసులో పెరిగింది. అంతకు మూడు నెలల ముందు ఇదే వ్యక్తి నీళ్లు చాలక సొమ్మసిల్లబోయింది. రెండు తప్పులకూ మూలం ఒక్కటే: తన ఒంటి నుంచి గంటకు ఎంత చెమట పోతోందో ఆమె ఎప్పుడూ కొలవలేదు. కేసులోని వివరాలు ఒకే మనిషివి కావు. ఈ రంగంలో మళ్లీ మళ్లీ కనబడే తీరును చూపడానికి కూర్చినవి.

వ్యక్తి వివరాలు

38 ఏళ్ల మహిళ. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 56 కిలోలు. రెండేళ్లుగా పరుగు అలవాటు. కిలోమీటరుకు ఏడున్నర నిమిషాల వేగం, అంటే గంటకు 8 కిలోమీటర్లు. బీపీ, షుగర్, థైరాయిడ్, కిడ్నీ సమస్యలు లేవు. రోజూ వేసుకునే మందులు లేవు. ఈ చివరి ప్రశ్నను పైపైన అడిగి వదిలేయకూడదు. బీపీకి వాడే థయజైడ్ మాత్రలు, డిప్రెషన్‌కు వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు రక్తంలోని సోడియంను, అంటే ఉప్పులో ఉండే లవణాన్ని, తగ్గించగలవు. మూత్రం ఆపుకోలేని సమస్యకు ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, మైగ్రేన్‌కు ఇచ్చే టోపిరమేట్ చెమటనే తగ్గించేస్తాయి. మోకాలి నొప్పికి అప్పుడప్పుడు ఐబుప్రొఫెన్ వేసుకుంటానని ఆమె రెండోసారి అడిగితే గానీ చెప్పలేదు. చాలామంది దాన్ని మందుల లెక్కలోకే తీసుకోరు.

మొదటి ఘటన: తక్కువ తాగి

31 డిగ్రీల వేడి, బాగా ఉక్కపోత. మూడు గంటల సాధన పరుగు. తాగింది అరలీటరు బాటిల్ ఒక్కటే. రెండో గంట దాటాక వేగం పెంచకపోయినా గుండె వేగం నిమిషానికి 148 నుంచి 167కి ఎక్కింది. ఆఖరి మూడు కిలోమీటర్లు నడిచింది. తలనొప్పి, లేచి నిలబడితే కళ్లు తిరగడం, సాయంత్రం దాకా ముదురు పసుపు రంగులో కొద్దికొద్దిగా మూత్రం. నీడన పడుకుని, ఉప్పు కలిసిన ద్రవాలు తాగాక తేరుకుంది.

గుండె వేగం పెరగడానికి కారణం సూటిగానే ఉంది. చెమటకు కావలసిన నీరు రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా నుంచి వస్తుంది. ప్లాస్మా తగ్గితే ప్రతి కొట్టుకు గుండె తోసే రక్తం తగ్గుతుంది, ఆ లోటు పూడ్చడానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. మరోవైపు ఒంటిని చల్లబరచడానికి చర్మానికీ రక్తం పంపాలి. ఉన్న కొద్దిపాటి రక్తం కోసం కండరాలూ చర్మమూ పోటీ పడతాయి.

ఆ రోజు తూకం వేసుకోలేదు. తర్వాత కొలిచిన చెమట వేగంతో వెనక్కి లెక్కేస్తే సుమారు 2.3 కిలోలు, అంటే బరువులో 4 శాతం పోయి ఉండాలి. దీని నుంచి ఆమె నేర్చుకున్న పాఠం: నీళ్లు ఎంత తాగితే అంత మంచిది. తోటి పరుగువాళ్లు దానికో అంకె కూడా ఇచ్చారు. ప్రతి 15 నిమిషాలకు 250 మిల్లీలీటర్లు, దాహం ఉన్నా లేకున్నా.

రెండో ఘటన: ఎక్కువ తాగి

మారథాన్ రోజు చల్లగా ఉంది. మొదలైనప్పుడు 19 డిగ్రీలు, ముగిసేసరికి 22. ఆమెకు పట్టిన సమయం 5 గంటల 25 నిమిషాలు. ముగింపు గీత దాటిన పావుగంటకు వైద్య శిబిరానికి వచ్చింది. తలనొప్పి, వికారం, రెండుసార్లు వాంతి. అక్కడున్నవాళ్ల మొదటి ఊహ డీహైడ్రేషన్. చేతికి సెలైన్ కట్టబోయారు కూడా.

ఆపించింది ఒక చిన్న మాట. "ముప్పయ్యో కిలోమీటరు దగ్గర వాచీ బెల్టు రెండు బొక్కలు వదులు చేసుకున్నానండీ, ఉంగరం కూడా బిగుసుకుపోయింది" అంది. ఎన్ని నీళ్లు తాగారని అడిగితే, "దారిలో నీళ్లు పెట్టిన ఏ బల్లా వదల్లేదండీ" అని జవాబు. ఒంట్లో నీరు ఇంకిపోయిన మనిషి వేళ్లు ఉబ్బవు. బిబ్ (పోటీ నంబరు చీటీ) పంచేటప్పుడు తీసిన బరువు 56.1 కిలోలు. ఇప్పుడు అవే బట్టల్లో 57.3. బట్టల్లో చెమట తడి కొంత ఉన్నా, అంత పరుగు తర్వాత బరువు పెరగడమే ఒక హెచ్చరిక.

పరీక్షలు: మలద్వారం ద్వారా తీసిన ఉష్ణోగ్రత 38.4 డిగ్రీలు. బీపీ 118/74. గ్లూకోజ్ 96. తేదీ, చోటు, పేరు తడుముకోకుండా చెప్పింది. రక్తంలో సోడియం లీటరుకు 129 మిల్లీమోల్. ఉండాల్సింది 135 నుంచి 145. రక్తంలో సోడియం ఇలా పడిపోవడాన్నే వ్యాయామంతో వచ్చే హైపోనేట్రీమియా అంటారు.

ఇక్కడ ఉష్ణోగ్రత ఎందుకు తీయాలంటే, వాంతులు, తలనొప్పి, తికమక వడదెబ్బలోనూ ఉంటాయి. చర్మం పొడిగా ఉంటేనే వడదెబ్బ అనే పాత నమ్మకం వ్యాయామ వడదెబ్బకు వర్తించదు. ఒళ్లంతా చెమటతో తడిసి ఉండగానే లోపలి ఉష్ణోగ్రత 40 దాటవచ్చు. చంకలో, నుదుటిపై, చెవిలో తీసిన కొలత పరుగు తర్వాత నమ్మదగ్గది కాదు. 40 దాటి తికమక కూడా ఉంటే ముందు చల్లటి నీటి తొట్టెలో దింపాలి, తరలింపు ఆ తర్వాతే. ఈమెది ఆ కోవ కాదు.

మామూలు సెలైన్ ఎందుకు వద్దంటే, ఆ సమయంలో కిడ్నీలు నీటిని బిగబట్టుకుని ఉంటాయి. మామూలు సెలైన్‌లోని ఉప్పును మూత్రంలో వదిలేసి నీటిని ఒంట్లోనే ఉంచుకుంటే సోడియం ఇంకా పడిపోగలదు. వాంతులు లేకపోతే బాగా చిక్కటి ఉప్పు ద్రవం కొద్దిగా తాగిస్తే సరిపోయేది. వాంతుల వల్ల, మామూలు దానికన్నా ఉప్పు చిక్కగా ఉండే 3 శాతం సెలైన్ 100 మిల్లీలీటర్లు నరం ద్వారా ఇచ్చారు. అందులో సోడియం 51 మిల్లీమోల్ ఉంటుంది. మూర్ఛ, తికమక ఉన్నవారికి ఇదే మోతాదు పది నిమిషాల తేడాతో మూడుసార్ల వరకు ఇస్తారు. ఈమెకు ఒక్కటి చాలింది. మూత్రం ధారాళంగా వచ్చేదాకా నీళ్లు ఇవ్వలేదు. గంట తర్వాత సోడియం 132. తర్వాతి రెండు గంటల్లో 1.1 లీటర్ల మూత్రం. సాయంత్రానికి 136.

129 ఎలా వచ్చింది

కాగితం మీద లెక్క వేస్తే కేసు మొత్తం విప్పారుతుంది. ఆమె శరీరంలోని నీరు బరువులో సగం అనుకుందాం, 28 లీటర్లు. మొదట్లో సోడియం 140. రెండింటినీ గుణిస్తే 3,920. దారిలో తాగింది మొత్తం 4.6 లీటర్లు. అందులో 3.4 లీటర్లు మామూలు నీళ్లు, 1.2 లీటర్లు స్పోర్ట్స్ డ్రింక్. ఒకసారి 300 మిల్లీలీటర్ల మూత్రం. మిగిలిన తేడా, అంటే చెమటా ఊపిరీ కలిపి పోయింది 3.1 లీటర్లు. చెమట 2.7 అనుకుంటే, లీటరుకు 45 చొప్పున పోయిన సోడియం సుమారు 120 మిల్లీమోల్. మూత్రంలో సుమారు 30. లీటరుకు 22 ఉండే స్పోర్ట్స్ డ్రింక్‌తో వచ్చింది 26. నికరంగా దాదాపు 125 లోటు.

3,920లో 125 తీసేస్తే 3,795. నీరేమో 28 నుంచి 29.2 లీటర్లకు పెరిగింది. భాగిస్తే 130. యంత్రం చూపింది 129. ఉజ్జాయింపు లెక్కకు ఇంత దగ్గరగా రావడం చాలు.

ఇప్పుడు అదే లెక్కలో నీళ్లన్నీ తీసేసి, 4.6 లీటర్లూ స్పోర్ట్స్ డ్రింకే తాగిందనుకుందాం. మరో 75 మిల్లీమోల్ కలుస్తుంది. జవాబు 132.5. ఇంకా 135 కిందే. డబ్బాపై ఎలక్ట్రోలైట్ అని రాసి ఉన్నంత మాత్రాన అతిగా తాగడం నుంచి అది కాపాడదు. ఆ పానీయంలో సోడియం రక్తంలో ఉన్నదానిలో ఆరో వంతు మాత్రమే. అదే ఆమె తాగింది 2 లీటర్ల వరకే ఉంటే, మామూలు నీళ్లయినా సోడియం 135 పైనే నిలిచేది.

మరి అదనపు నీటిని కిడ్నీలు బయటికి ఎందుకు తోయలేదు? విశ్రాంతిలో ఉన్న ఆరోగ్యవంతుడి కిడ్నీలు గంటకు 800 మిల్లీలీటర్ల నుంచి లీటరు దాకా వదిలేయగలవు. సుదీర్ఘ వ్యాయామంలో అలా జరగదు. నొప్పి, వికారం, ఒత్తిడి వీటిలో ఏదైనా వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ను విడుదల చేయిస్తుంది. అది నీటిని వదలొద్దని కిడ్నీలకు చెబుతుంది. మామూలుగా సోడియం పలచబడితే ఆ హార్మోన్ ఆగిపోవాలి. పరుగులో ఆగకుండా కారుతూనే ఉండవచ్చు. దీనికి తోడు ఆమె ఆ ఉదయం మోకాలి కోసం రెండు ఐబుప్రొఫెన్ మాత్రలు వేసుకుంది. ఆ వర్గం మందులు వాసోప్రెసిన్ పనిని ఇంకా బలపరుస్తాయి. ఐదున్నర గంటల్లో ఒక్కసారే మూత్రం రావడాన్ని ఆమె "నీళ్లు చాలలేదేమో" అని అర్థం చేసుకుని ఇంకా తాగింది.

ఇది అరుదైన వింత కాదు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది పరుగువాళ్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం 135 లేదా అంతకు తక్కువ. ముగ్గురికి 120 లేదా ఇంకా కిందికి. దానితో గట్టిగా ముడిపడి కనిపించింది పరుగులో బరువు పెరగడం. నాలుగు గంటలకు పైగా పట్టడం కూడా. నెమ్మదిగా పరుగెత్తేవారికి తాగే సమయం ఎక్కువ, పుట్టే వేడి తక్కువ. ఈమె సరిగ్గా ఆ బాపతు.

చెమట పని

పరుగులో కండరాలు ఖర్చుచేసే శక్తిలో కదలికకు పనికొచ్చేది 20 నుంచి 25 శాతం. మిగతాదంతా వేడి. కిలో బరువుకు, కిలోమీటరుకు ఒక కిలోక్యాలరీ చొప్పున ఈమె గంటకు 450 ఖర్చుపెడుతుంది, అందులో దాదాపు 350 వేడి. అది బయటికి పోయే దారే లేకపోతే 56 కిలోల శరీరం గంటలో 7 డిగ్రీలకు పైగా వేడెక్కాలి. లీటరు చెమట ఆవిరైతే 580 కిలోక్యాలరీలు మోసుకుపోతుంది. అంటే గంటకు 600 మిల్లీలీటర్ల చెమట చాలు, అదంతా చర్మం మీదే ఆవిరైతే. చల్లటి గాలిలో కొంత వేడి నేరుగా గాలికి పోతుంది కాబట్టి ఇంకా తక్కువే చాలు. ఉక్కపోతలో గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది, చెమట ఆవిరవదు, బొట్లుగా కారిపోతుంది. కారిన బొట్టు ఒంటిని చల్లబరచదు, నీటిని మాత్రం పట్టుకుపోతుంది. మాటిమాటికీ తువ్వాలుతో తుడుచుకోవడమూ అంతే.

ఈ పని చేసేవి ఎక్రైన్ గ్రంథులు. ఒంటినిండా 20 నుంచి 40 లక్షలు. చంకల్లో, గజ్జల్లో ఉండే అపోక్రైన్ గ్రంథులు వాసనకు ముడిపడినవి, చల్లబరచడంలో వాటి వంతు లేదనే చెప్పాలి. మెదడులోని హైపోథాలమస్ నుంచి ఆజ్ఞ నరాల వెంట వచ్చి, గ్రంథి దగ్గర అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలవుతుంది. గ్రంథి అడుగున ఊరే ద్రవం ఉప్పదనంలో దాదాపు ప్లాస్మా లాంటిదే. నాళం గుండా పైకి వచ్చే దారిలో గోడలు సోడియంను వెనక్కి లాగేసుకుంటాయి, అందుకే బయటికొచ్చే చెమట రక్తం కన్నా పలచన. చెమట జోరుగా ఊరితే నాళంలో నిలిచే సమయం తగ్గి, లాక్కోవాల్సిన ఉప్పు తప్పించుకుంటుంది. వేగం పెరిగిన రోజు చెమట ఉప్పగా ఉండేది అందుకే. మనుషుల మధ్య తేడా పెద్దది: లీటరుకు 10 నుంచి 90 మిల్లీమోల్ దాకా.

పక్కమాటగా ఇంకొకటి. చెమటకాయలు లేచినచోట గ్రంథుల నోళ్లు మూసుకుపోతాయి. పొక్కులు మానిపోయాక కూడా కొన్ని వారాలు అక్కడ చెమట సరిగా పట్టదు. ఛాతీ, వీపు నిండా లేచి ఉంటే వేడిలో దూరపు పరుగు వాయిదా వేసుకోవడం మేలు.

కొలత: మొదటిసారి ఎలా చెడింది

పద్ధతి తేలికే. మూత్రవిసర్జన చేసి, బట్టల్లేకుండా తూకం వేసుకోవాలి. 50 గ్రాముల తేడా చూపే యంత్రం మంచిది, 100 అయినా ఫరవాలేదు, గట్టి నేల మీద పెట్టాలి. బాటిల్‌ను వంటింటి త్రాసు మీద ముందూ వెనకా తూచాలి, గ్రాము అంటే మిల్లీలీటరే. పోటీ రోజు వేగంతోనే 60 నుంచి 90 నిమిషాలు పరుగెత్తాలి. తిరిగొచ్చాక జుట్టుతో సహా తుడుచుకుని, మళ్లీ బట్టల్లేకుండా తూకం. తగ్గిన బరువుకు తాగింది కలిపి, మధ్యలో పోసిన మూత్రం తీసేసి, గంటలతో భాగించాలి. ఊపిరిలో పోయే ఆవిరి, ఖర్చయిన ఇంధనం బరువు కలిపి గంటకు వంద గ్రాముల పైచిలుకు ఇందులో చెమటగా లెక్కలోకి వస్తాయి. రోజువారీ వాడకానికి దాన్ని వదిలేయవచ్చు.

ఆమె తెచ్చిన తొలి కొలత 31 డిగ్రీల్లో గంటకు 0.44 లీటర్లు. నమ్మశక్యంగా లేదు. 75 నిమిషాల్లో బరువు 56.2 నుంచి 56.1కి తగ్గింది, తాగింది 450 మిల్లీలీటర్లు. లెక్క తప్పు లేదు. తూకం బట్టలతో వేసుకుంది. సాక్సులు, టీషర్టు, షార్ట్స్ పొడిగా 410 గ్రాములు, పరుగయ్యాక 870. ఆ 460 గ్రాముల చెమట యంత్రం మీదికి తిరిగి ఎక్కింది. సరిదిద్దితే గంటకు 0.81 లీటర్లు. దాదాపు రెట్టింపు.

ఇంకో తరచు తప్పు ఇరవై నిమిషాల పరుగుతో సరిపెట్టడం. యంత్రం వంద గ్రాములు అటూ ఇటూ చూపితే, గంటకు మార్చేసరికి అది 300 మిల్లీలీటర్ల తప్పవుతుంది. తూకానికి ముందే స్నానం చేయడం మూడోది. తడి జుట్టు బరువు తక్కువేం కాదు.

మూడు వాతావరణాల్లో రెండేసి సార్లు కొలిచాక తేలిన సగటులు: 19 డిగ్రీల్లో గంటకు 0.55, 26లో 0.72, ఉక్కపోతతో 31లో 0.95 లీటర్లు. ముంజేతి పట్టీతో చెమట సోడియం 58 వచ్చింది. ముంజేతి కొలత ఒళ్లంతటి సగటు కన్నా ఎక్కువ చూపుతుంది, అందుకే లెక్కలకు 45 తీసుకున్నారు. టోపీ మీది తెల్లటి చారలు ఉప్పు పోతోందని చెబుతాయి, ఎంతో చెప్పవు.

ఇచ్చిన ప్రణాళిక

దాహమే మొదటి కొలమానం. అంకెలు హద్దుల కోసం. చెమట రక్తం కన్నా పలచన కాబట్టి, అది పోయేకొద్దీ రక్తంలో సోడియం చిక్కబడి దాహం వేస్తుంది. సాధారణ ఆరోగ్యవంతుల్లో ఆ సంకేతం బాగానే పనిచేస్తుంది. పై హద్దు: చెమట వేగాన్ని మించి ఎప్పుడూ తాగకూడదు. చల్లటి రోజు ఐదున్నర గంటల్లో పోయేది 3 లీటర్లు. బరువులో 2 శాతం, అంటే 1.1 కిలోల తగ్గుదలను అనుమతిస్తే తాగాల్సింది సుమారు 1.9 లీటర్లు, గంటకు 350 మిల్లీలీటర్లు. పాత అలవాటులో మూడో వంతు. 31 డిగ్రీల్లో మూడు గంటలకు అదే లెక్క గంటకు 600 దగ్గరికి వస్తుంది. ఒకే మనిషి, రెండు వాతావరణాలు, దాదాపు రెండింతల తేడా. ఎవరో ఇచ్చిన ఒకే అంకెను అన్ని రోజులకూ అంటించడం ఎందుకు పనికిరాదో ఇక్కడే తెలుస్తుంది. 2 శాతం దాటగానే ఏదో కూలిపోతుందని కాదు, చల్లటి రోజున 3 శాతం తగ్గినా చాలామంది బాగానే ముగిస్తారు.

పోటీ రోజు ఐబుప్రొఫెన్ పూర్తిగా బంద్. వేళ్లు ఉబ్బినా, కడుపులో నీళ్లు కదిలినట్టున్నా తాగడం ఆపాలి. మూత్రం రంగును పరుగు మధ్యలో ప్రమాణంగా తీసుకోవద్దు. వాసోప్రెసిన్ పనిచేస్తున్నప్పుడు ఒంట్లో నీరు ఎక్కువైనా మూత్రం ముదురుగానే వస్తుంది. బి విటమిన్ మాత్రలు వేసుకున్నా అంతే. పరుగు తర్వాత తొందరేం లేకపోతే భోజనం, దాహం చాలు. అదే రోజు మళ్లీ పరుగు ఉంటేనే తగ్గిన ప్రతి కిలోకు 1.25 నుంచి 1.5 లీటర్లు, ఉప్పుతో, కొన్ని గంటలపాటు విడతలుగా.

వేసవి పోటీ కోసం 12 రోజులు, రోజుకు గంట నుంచి గంటన్నర వేడిలో సాధన చేయించారు. ఒళ్లు అలవాటు పడితే చెమట తగ్గుతుందని ఆమె అనుకుంది. జరిగేది దానికి తిరగబడి: చెమట ముందే మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, ఉప్పు మాత్రం తగ్గుతుంది. 31 డిగ్రీల్లో 0.95 కాస్తా 1.1 లీటర్లయింది. పాత అంకెతోనే ఉండి ఉంటే ఈసారి మళ్లీ తక్కువ వైపు తప్పేది. వేడిలో తిరగడం మానేస్తే కొన్ని వారాల్లో ఈ అలవాటు కరిగిపోతుంది, అప్పుడు మళ్లీ కొలవాలి.

ఏమైంది

తర్వాతి మారథాన్ 20 డిగ్రీల్లో, 5 గంటల 18 నిమిషాలు. తాగింది 2 లీటర్లు. బరువు 56.0 నుంచి 55.1, అంటే 1.6 శాతం తగ్గుదల. చెమట వేగం లెక్కేస్తే 0.55, సాధనలో వచ్చిన అంకే. సోడియం 139. తలనొప్పి, వికారం లేవు.

పిక్కలు మాత్రం 36వ కిలోమీటరు దగ్గర పట్టేశాయి. ఉప్పు తక్కువై పట్టేశాయని ఆమె నమ్మకం. సోడియం 139 ఉండగా ఆ నమ్మకం నిలబడదు. మొదటి పది కిలోమీటర్లు తన సాధన వేగం కన్నా కిలోమీటరుకు 25 సెకన్లు ముందు పరుగెత్తినట్టు వాచీ చూపింది. అలసిన కండరానికి నరాల నుంచి వచ్చే ఆజ్ఞలు గాడి తప్పడం పిక్కలు పట్టేయడానికి పెద్ద కారణాల్లో ఒకటి. ఆగి పాదం వేళ్లను మోకాలి వైపు వంచి పిక్కను సాగదీస్తే నిమిషంలో వదిలింది. ఉప్పు మాత్రలు రాయలేదు. మొదటి పది కిలోమీటర్ల వేగానికి హద్దు పెట్టి, వారానికి రెండుసార్లు పిక్కల బలానికి వ్యాయామం రాశారు.